ఎవరింటి నియమం వారిదే

మా అపార్ట్‌మెంటు మొత్తానికీ ఇళ్ళు సరిచేసే యంత్రం ఒకటే. ప్రతి ఇంటి నియమాలూ ఆ ఇంటి ఫోల్డరులో ఉంటాయి. నియమానికి విరుద్ధంగా ఏది కనిపించినా, యంత్రం గోడలోంచి చెయ్యి చాపి చెత్తగొట్టంలో పడేస్తుంది. కొన్నాళ్ళుగా అది మొదటి ఫ్లాటు ఫోల్డరొక్కటే చదివి, అన్ని ఇళ్ళకూ అదే అమలుచేస్తోంది. ఆ ఇంటాయనకి షుగరు. దాంతో అందరి వంటిళ్ళలోనూ పంచదార మాయం.

దాన్ని చూసుకునే ఉద్యోగం నాది. తిట్లు పడలేక, బగ్గు వెతికి సరిచేశాను. ఇక ఎవరి ఫోల్డరు వారిదే.

"వాసంతీ, డబ్బాలో పంచదార నిలిచిందే! అక్క పాపాయిని పడుకోబెట్టి వచ్చింది, ఇద్దరం కాఫీ తాగుతున్నాం, రా," అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

సంబరంగా మా ఇంటి ఫోల్డరు తెరిచాను. దొంగల భయంతో అమ్మ ఎప్పుడో పట్టుబట్టి రాయించిన నియమం ఒక్కటే ఉంది అందులో: పేరు నమోదు కాని మనిషి ఇంట్లో ఉండకూడదు.

వంటింట్లోకి పరుగెత్తాను.

"అమ్మా, పాపకి ఏం పేరనుకున్నారు?"

"బారసాల కాకుండా పేరేమిటే? ఆదివారం దాకా ఆగలేవూ?"

"ఏదో ఒకటి చెప్పమ్మా, ఇప్పుడే!"

పాప పడుకున్న గదిలో గోడ తెరుచుకున్న చప్పుడైంది. ఏడుపు మొదలై, సగంలో ఆగిపోయింది.