గడ్డిగూట్లో మట్టిముద్ద

చెట్లే ఊళ్ళుగా ఉన్న రోజుల్లో, ఏటిగట్టున మట్టిగూట్లో పుట్టి పెరిగిన రేగడి అనే పిట్ట గిజిగాణ్ణి మనువాడి, ఈతమట్టకు వేలాడే అతని గడ్డిగూటికి కాపురానికొచ్చింది. కాస్త గాలి వీచినా గూడు ఉయ్యాలైపోయేది, రేగడికి కళ్ళు తిరిగేవి. గుడ్లు పెట్టాక ఇక ఓర్చుకోలేక, ఏటికెళ్ళి ముక్కు నిండా బురద తెచ్చి గూటి లోపల మెత్తింది.

పక్కగూట్లోంచి అత్తగారు అంతెత్తున ఎగిరిపడింది. "గడ్డిలో బురదేమిటే! మన ఇంటా వంటా ఉందా?"

"పోనీలేమ్మా, పుట్టింటి వాసన మీద బెంగేమో," అన్నాడు గిజిగాడు.

ఆ సాయంత్రమే ఈదురుగాలి లేచింది. అత్తగారి గూడు బొంగరంలా తిరిగింది. రేగడి గూడు మట్టి బరువుకు నిలదొక్కుకుంది, గుడ్లు కదల్లేదు. అత్తగారు గబగబా వచ్చి కోడలి పక్కన ఒదిగి కూర్చుంది.

మరుసటి ఏడు చిన్నకోడలొచ్చి వట్టి గడ్డితో గూడల్లుతుంటే అత్తగారు కసిరింది. "మట్టి లేని గూడేమిటే! మన ఇంటా వంటా ఉందా?"

రేగడి నవ్వాపుకుంది. తానూ తక్కువ తిన్నదేం కాదు. మొన్న పుట్టింటికెళ్తే, అక్కడి గూడు ఊగడం లేదని కంటికి కునుకు రాక, మూడో రోజుకే తిరిగొచ్చేసింది.