మూడు వందల పన్నెండో పెట్టె

“మూడు వందల పన్నెండు పెట్టెల్లో నలభై ఆరే పలికినాయి సార్.”

“తొమ్మిదిన్నరకే గదా పెట్టినావు? రాహుకాలం దాటినాకే గదా?”

“దాటినాకే సార్. సర్వరు సింగపూరులో ఉంది. ఆడ రాహుకాలం ఎప్పుడో నాకు తెలీదు.”

మేనేజరు సంపత్కుమార్‌కు ఆ మాట రుచించలేదు. ఇంజనీరు సుకుమార్ విసుగ్గా తెర వైపు తిరిగాడు.

తిరుపతిలోని ఆ చిన్న కంపెనీ, బోరు మోటర్లను ఫోనుతో నడిపే వైర్‌లెస్ పెట్టెలు తయారుచేస్తుంది. వాటి ప్రోగ్రాములో ఒక దోషం బయటపడింది. కరెంటు పోయి వస్తే చాలు, ఎవరూ ఆదేశించకుండానే పెట్టె మోటరును నడిపిస్తోంది. ఆ క్షణంలో మోటరు తీగ మీద ఎవరి చెయ్యి ఉన్నా ప్రాణాపాయమే.

దోషం సరిచేసిన కొత్త ప్రోగ్రామును క్లౌడ్ నుంచి నేరుగా పెట్టెలకు పంపాలి. ఏ గంటకు పంపాలో సుకుమార్ సర్వరుకు ముందుగా చెప్పి ఉంచుతాడు. ఆ గంటలో పలకని పెట్టెను సర్వరు వదిలేస్తుంది.

ముహూర్తం నిర్ణయించేది మాత్రం సంపత్కుమార్.

మరునాడు ఉదయం ఒక నడివయసు స్త్రీ ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

“నా పేరు మునిలక్ష్మి, సార్. మాది వడమాలపేట పక్కన. ఊళ్ళో పెట్టెలకు కొత్తది వస్తాదని అందరి ఫోన్లకూ మెసేజు పెట్టినారంట. ఏ పెట్టెకూ రాలా.”

“వస్తుందమ్మా. మీ పక్క సిగ్నలు సరిగా లేదు,” అన్నాడు సుకుమార్.

“సిగ్నలు గాదు నాయనా. మీరు పెట్టిన టయానికి మాకు కరెంటే లేదు. కరెంటు లేకుంటే పెట్టె యాడ పలుకుతాది?”

సుకుమార్ ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. ఇంతవరకు ఒక్క బోరునూ చూడలేదు. ఆఫీసులో కరెంటు పోతే ఇన్వర్టరు అందుకుంటుంది. పొలంలోని పెట్టెకూ అటువంటి ఏర్పాటేదో ఉంటుందని అతని నమ్మకం.

“ఇది క్లౌడ్ పనమ్మా. నీకు సెప్పినా అర్థం గాదు. పో.”

శుక్రవారం పన్నెండుంబావుకు మళ్ళీ పంపారు. రాహుకాలం పదిహేను నిమిషాల ముందే ముగిసింది. పెట్టెలు మాత్రం ఒక్కటీ అదనంగా పలకలేదు.

సాయంత్రానికి ఆమె మళ్ళీ గుమ్మంలో ఉంది.

“మళ్ళీ వచ్చినావా?”

“అది రాలేదు గదా. అందుకే నేనొచ్చినా.”

చేతిలోని కాగితం బల్ల మీద పరిచింది. ఎవరెవరి చేతనో రాయించినట్టు, నాలుగైదు రకాల అక్షరాలున్నాయి.

“ఏ ఊరికి ఎప్పుడు కరెంటు వస్తాదో ఊరూరా తిరిగి రాయించుకోనొచ్చినా. కొన్నిటికి తెల్లారి తొమ్మిది దాకా, కొన్నిటికి మధ్యాన్నం రెండు నుంచి. ఈ టయాలకు పెట్టు సామీ.”

సుకుమార్ సహనం నశించింది.

“నీ ఒక్క మోటరు కోసం మూడు వందల పెట్టెల టైము మార్చమంటావా?”

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది.

“మార్చు నాయనా,” అని మాత్రం అంది.

ఆమె వెళ్ళాక సంపత్కుమార్ నవ్వాడు.

“మోటరు కాలిపోతుందని భయమప్పా. వీళ్ళకు మోటరంటే ప్రాణం.”

శనివారం పదీ ముప్పావుకు మూడో ప్రయత్నం. మళ్ళీ ఆ నలభై ఆరే.

సుకుమార్ తల పట్టుకున్నాడు. ఇక ఊహలు కట్టిపెట్టి, పలకని పెట్టెలు గత వారంలో ఏయే వేళల్లో సర్వరుతో మాట్లాడాయో వరుసగా తీశాడు. మాట్లాడినవన్నీ తొమ్మిదిలోపు, లేకుంటే రెండు తరువాత. బల్ల మీది కాగితాన్ని పక్కన పెట్టి పోల్చాడు.

ఏ ఊరికా ఊరు సరిపోయింది.

ఈసారి సంపత్కుమార్‌ను అడగలేదు. ఊరికొక సమయం చొప్పున సర్వరుకు చెప్పాడు. వాటిలో సగం ఊళ్ళ వంతు సోమవారం ఏడున్నరకు, సరిగ్గా రాహుకాలం మొదలయ్యే వేళకు వచ్చింది.

మంగళవారానికి మూడు వందల పదకొండు పెట్టెలకు కొత్త ప్రోగ్రాము చేరింది.

మిగిలింది ఒక్కటే, వడమాలపేట దగ్గరిది.

“ఇది ఆయమ్మదే అయ్యుంటుంది సార్,” అన్నాడు సుకుమార్. “అంత తిరిగింది పాపం. ఆమెదే మిగిలిపోయింది. నేనే పోయి ఎక్కించి, ఒక మాట సెప్పి వస్తా.”

గురువారం బైకు మీద వెళ్ళాడు. రికార్డుల్లోని చిరునామా ధనశేఖర్ అనే రైతు పొలానికి దారి చూపింది. బోరు దగ్గర స్టార్టరు పక్కన, పెట్టె ఉండవలసిన చోట నాలుగు మేకు రంధ్రాలున్నాయి.

“పెట్టె ఏమైందండీ?”

“ఆ పొద్దే పీకేసినా సార్,” అన్నాడు ధనశేఖర్.

ఏ పొద్దో సుకుమార్ అడగలేదు. తొందరలో ఉన్నాడు.

“కొత్త ప్రోగ్రాము వచ్చేసింది. ఇంక భయం లేదు. మునిలక్ష్మి గారు మీ ఇంటివాళ్ళేనా? ఆమె మోటరు ఇదే గదా?”

“ఆయమ్మకు మోటరు యాడిది సార్? సెంటు బూమి గూడా లేదు.”

“మరి... ఇప్పుడు ఊళ్ళో ఉందా?”

“అన్ని పెట్టెలకూ కొత్తది ఎక్కి పచ్చ లైటు పడిందాకా ఊరూరా తిరిగి సూసుకునింది. నిన్న నాయుడుపేటకు పనికి ఎల్లిపోయింది. మళ్ళా రాదు.”

సుకుమార్‌కు ఏమీ అంతుబట్టలేదు.

“సొంత మోటరే లేనప్పుడు మా ఆఫీసు సుట్టూ ఎందుకు తిరిగినట్టు?”

ధనశేఖర్ బోరు వైపు చూడకుండా, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“పోయిన నెల ఈడ తీగ అతుకుతా ఉంటే, కరెంటు రాంగానే మీ పెట్టె దానంతటదే మోటరేస్తే సచ్చిపోయినాడే కూలి మనిషి మునికృష్ణ, ఆయప్ప పెండ్లాం సార్ ఆమె.”