వంతు పిండి

"మౌలానా సాబ్! మీ ప్రసంగం వీడియో మా నోయిడా ఆఫీసులో అందరూ చూశారు," అంటూ వచ్చిన, ఆడపిల్లల చదువు కోసం పనిచేసే సంస్థ ఉద్యోగి ప్రవల్లిక గుమ్మంలోనే ఆగిపోయింది. మసీదువాళ్ళు ఇచ్చిన ఆ ఒక్క గదిలో ముస్తకీం మౌలానా ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాడు.

"ఎక్కడికి?"

"నువ్వు చెప్పమన్నట్టే, ఆడపిల్లల్ని బడికి పంపండని శుక్రవారం నమాజు దగ్గర చెప్పాను. శనివారం నుంచి వంతు పిండి రావడం లేదు బేటీ."

ఇమాము కుటుంబానికి రోజుకో ఇంటివాళ్ళు రొట్టెల పిండి పంపడం ఆ ఊరి ఆనవాయితీ. పొమ్మని చెప్పడానికి వాళ్ళు నోరు విప్పాల్సిన పనే లేదు; పిండి ఆపితే చాలు.

"పెద్దలతో నేను మాట్లాడతాను."

"మాట్లాడావుగా, ఆయన నోటితో!" అంది మౌలానా భార్య, గిన్నెలు మూటగడుతూ.



అంతలో మౌలానా కూతురు షగుఫ్తా బడినుంచి వచ్చింది. ఆ ఊళ్ళో ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్ల ఆమె ఒక్కతే. చేతిలో టీసీ ఉంది.

ప్రవల్లిక వైపు చూడకుండా దాన్ని తండ్రికి అందించింది.

"అడుగున పెట్టెయ్ అబ్బూ. మనం వెళ్ళే ఊళ్ళో బడి లేదుగా."