పక్కకు జరిగిన పాప

“ఆ ఫోన్ ఇటివ్వమ్మా! మా డిజైన్లు ఫొటో తీస్తున్నావని మాకు తెలీదనుకున్నావా?”

గల్ఫ్‌లోని మనామా బంగారం బజారులో, నగల షాపు అద్దం ముందు కళ చటుక్కున ఫోన్ దించింది. పక్కన తోపుడు బండిలో ఏడాది పాప. పోలీసుల దాకా పోతే భర్త లక్ష్మణ్ పని ఊడుతుంది. ముగ్గురూ సామాను సర్దుకుని ఇంటిదారి పట్టాలి.

“నా బిడ్డనే తీసిన సార్!” ఫోన్ ఇచ్చింది.

సేల్స్‌మన్ గురుమూర్తి ఫొటోలు ఒక్కొక్కటే జరిపి చూశాడు. అన్నింట్లోనూ పాప ఒక ఓరకు ఒదిగి ఉంది. రెండో ఓరన, అద్దం వెనక, కొత్తగా వచ్చిన ముత్యాల హారం.

“బిడ్డ ఫొటో అయితే బిడ్డ మధ్యలో ఉండాలి కదా? నేనంత వెర్రివాడిలా కనపడుతున్నానా?”

“నడుమ పెడితే పాస్‌పోర్టు ఫొటో లెక్క ఉంటదట సార్. మా పైఫ్లోర్ లాస్య మేడం నేర్పుతున్నది. నిలువు గీతలు రెండు, అడ్డ గీతలు రెండు. మనిషిని గీత మీద పెట్టి, చూసే దిక్కు జాగ వదలాలె. నేను ఎనిమిదిలనే బడి మానేసిన. గిదన్నా సక్కగ నేర్చుకుందామని...” కళ ఏడ్చేసింది.

తల్లిని చూసి పాప రాగం అందుకుంది. షాపులోని ఆడవాళ్లంతా గురుమూర్తిని గుర్రుగా చూశారు.

“అయ్యో, ఏడవకమ్మా! ఏవీ, ఆ గీతలెక్కడున్నాయి?”

కళ ఫోన్ కెమెరా తెర మీద చూపించింది.

“ఓహో! నేను ఫొటో తీస్తే తలకాయ నరికేస్తానని మా ఆవిడ ఒకటే తిట్టు. ఇదా సంగతి!”

కళ కళ్లు తుడుచుకుంది. “అద్దంల లైట్ల మెరుపు పడి ఒక్కటన్నా మంచిగ రాలే సార్.”

“దానికేం భాగ్యం!” తప్పు దిద్దుకునే హుషారులో గురుమూర్తి హారాన్ని బయటికి తీసి ఆమె చేతికిచ్చాడు. కళ మెడలో వేసుకుని పాపను ఎత్తుకుంది. తల్లీబిడ్డల్ని సరిగ్గా గీత మీదికి తెచ్చి క్లిక్కుమనిపించాడు.

“ఎనుక నుంచి గూడ ఒకటి సార్. మొఖం కనవడకుంటే ఫొటో ఇంకా అందంగుంటదన్నది మేడం.”

అదీ తీశాడు, మోకాళ్ల మీద కూర్చుని మరీ. హారం తిరిగి తీసుకుని, పాప చేతిలో చాక్లెట్ పెట్టాడు. “ఏమనుకోకు తల్లీ. డిజైన్ల దొంగలు ఎక్కువయ్యారు.”

బజారు మలుపు తిరిగాక కళ జగిత్యాలలో కంసాలి పని చేసే తమ్ముడు పరమేశ్‌కు ఫోన్ చేసింది.

“తమ్మీ, కుంపటి రాజేసుకో! ముత్యాల హారం ముంగట, ఎనుక, కొక్కెంతో సహా ఫొటోలు పంపుతున్న. నేను దొంగచాటుగ తీసినయి వద్దు, వాళ్ల మనిషి తీసినయే చూసి చెయ్యి.”