నడుమ పదును లేని కట్టర్

మునిప్రసాద్ కొట్టిన దెబ్బకు మోహన మిల్లింగ్ మెషిన్ మీద పడింది. పెదవి చిట్లింది. వైస్‌లో బిగించిన ఇనుప దిమ్మె మీద రక్తం కారింది.

"లేత్ మీద మొగుడు పనికిమాలినోడు, మిల్లింగ్ మీద పెళ్లాం గొప్పదా? ఓనరు నా ముందర నిన్ను మెచ్చుకుంటాడా?"

రేణిగుంట రోడ్డులో వాళ్లిద్దరూ పనిచేసే ఆ షెడ్డు పరంధామయ్యది. ఆయన పరిగెత్తుకొచ్చి అడ్డం పడ్డాడు. మునిప్రసాద్ ఆయన్నీ నెట్టేశాడు. పొద్దున్నే తాగి వచ్చాడు. కిందటి వారం ఇలాగే తాగి కూతురు శ్రీహిత చెయ్యి విరిచాడు. ఆరేళ్ల పిల్ల. కట్టు ఇంకా విప్పలేదు.

"ఇంటికి పోనీ. దాని రెండో చెయ్యి గూడా సూస్తా," అన్నాడు.

మోహన పెదవి తుడుచుకుంది. దిమ్మె మీద నీలం రంగు పూసి, నడుమ గుంత తీయాల్సిన చోట గీతలు గీసి ఉన్నాయి. పైన, మోటారుతో తిరిగే స్పిండిల్‌కు ఫ్లాట్ ఎండ్ మిల్ బిగించి ఉంది.

ఫ్లాట్ ఎండ్ మిల్ అంటే అడుగు చదునుగా ఉండే కట్టర్. కొన్నింటికి అడుగున నడిమధ్య దాకా పదును ఉంటుంది. వాటిని నేరుగా ఇనుములోకి దించొచ్చు. నడుమ పదును లేనివాటిని పక్కనుంచే కోతకు పెట్టాలి. నేరుగా దించితే పగులుతాయి. అందుకే మోహన ఏ కట్టర్‌నైనా తిరగేసి చూసిగానీ బిగించదు.

"పెళ్లిచూపులా ఏందే, దాని మొగం సూసేదానికి?" అని మునిప్రసాద్ ఎగతాళి చేసేవాడు.

ఇప్పుడు జుట్టు పట్టి ఆమెను పక్కకు ఈడ్చాడు.

"జరుగు. గుంత నేను దించుతా. సూసి నేర్సుకో."

"వద్దబ్బా!" మోహన గట్టిగా అరిచింది. "దానికి నడుమ పదును లేదు. పగుల్తుంది!"

"నాకే సెప్తావా?"

కడుపులో తన్నాడు. మోటారు ఆన్ చేశాడు. కట్టర్‌ను కిందికి దించే లివర్‌ను రెండు చేతులా లాగాడు.

కట్టర్ కీచుమంది. పగిలింది. ఒక ముక్క అతని గొంతులో దిగింది.

తిరుపతి పెద్దాసుపత్రి చేరేలోపే పోయాడు.

"ఆ యమ్మి వద్దని మొత్తుకునింది సార్," అన్నాడు పరంధామయ్య ఎస్సైతో. "నా సెవులారా విన్నా. వాడు వింటేనా?"

ఎస్సై ప్రమాదమని రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ దిమ్మెను తెచ్చిన నాయుడుపేట పార్టీ దాని పైముఖం చదును చెయ్యమంది, అంతే. నడుమ గుంతకు గీతలు గీసింది మోహన.