పళ్లు కనబడే ఫోటో

"ఇది మీ అమ్మ కాదురా. తీసి అవతల పెట్టు," అన్నాడు రామకోటేశ్వరరావు, ఫ్రేము కట్టించి తెచ్చిన ఫోటోను బల్ల మీద బోర్లించి.

కొడుకు లక్ష్మీకాంత్ తల పట్టుకున్నాడు. ఎల్లుండే అమ్మ పెద్దకర్మ. చుట్టాలకు కబుర్లు వెళ్లాయి, వంటవాళ్లు కుదిరారు. ఇంక భవానీపురం సెంటర్లో కట్టాల్సిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒక్కటే మిగిలింది. దానికి ఫోటో కావాలి. ఉన్నదేమో ఆధార్ కార్డు ఫోటో. అందులో ఎంతటివాడైనా దొంగలాగే పడతాడు, మాణిక్యమ్మకు మాత్రం మినహాయింపు ఎక్కడిది? పెద్దది చేయిస్తే పెద్ద దొంగలా తయారైంది.

ఆ మొహానికి దండ వేస్తే తను ఆ చుట్టుపక్కలకే రానని ముసలాయన తేల్చేశాడు. సెంటర్లో పుట్టినరోజు ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా "మీసాలు రాని వెధవలకి కూడా కడతారు, మనకెవడు కడతాడ్లే" అని గొణిగే మనిషి, ఇప్పుడు భార్య ఫ్లెక్సీకి సవాలక్ష వంకలు పెడుతున్నాడు. వంకలు పెడితే పెట్టాడు, తిండి తింటే బాగుండును. ఆమె పోయిన దగ్గర్నుంచి నాలుగు మెతుకులు కూడా సరిగ్గా లోపలికి పోలేదు. మజ్జిగ గ్లాసు చేతికిస్తే అలా పట్టుకుని కూర్చుంటున్నాడు. ఈయన కూడా ఆవిడ వెనకే బయల్దేరేలా ఉన్నాడని ఇంట్లో అందరికీ భయంగా ఉంది.

మనవరాలు కీర్తన ఆల్బమ్‌లన్నీ హాల్లో పరిచింది. ఎనభై నాలుగేళ్ల మనిషి, అరవై ఆరేళ్ల కాపురం. ఒక్క మంచి ఫోటో దొరక్కపోతుందా అనుకున్నారు. పెళ్లి ఫోటోలో ఆమె తల వంచుకుని నేల చూస్తోంది. లక్ష్మీకాంత్ అన్నప్రాశనలో వాడి మూతి తుడుస్తోంది. గృహప్రవేశంలో పాలు పొంగుతున్నాయని పొయ్యి వైపు తిరిగింది, వీపు ఒక్కటే పడింది. కీర్తన పుట్టినరోజున కేకు ప్లేట్లు పట్టుకుని సగం మనిషి ఫోటో బయటే ఉంది. పుష్కరాల్లో అయితే అసలు లేనే లేదు. ఘాట్ మీద అందరి బట్టలకీ కాపలా కూర్చుంది మరి.

"నానమ్మ ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదా నాన్నా?" అంది కీర్తన.

"చూడ్డానికి మనం ఖాళీ ఇస్తేగా," అన్నాడు లక్ష్మీకాంత్. అనేశాక ఏడుపొచ్చి ఆల్బమ్ మూసేశాడు.

ముసలాయన మంచం మీంచే వింటున్నాడు. ఆమె నవ్వితే పై పన్ను ఒకటి కాస్త పక్కకుంటుందనీ, అది కనబడే ఫోటో అయితేనే పెట్టమనీ చెప్పాడు. నవ్వొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మనిషి పన్ను ఏ ఫోటోలో కనబడుతుంది, చోద్యం కాకపోతే!

చేసేది లేక లక్ష్మీకాంత్ ఆ పెళ్లి ఫోటోనే పట్టుకుని సెంటర్లో ఫ్లెక్సీల షాపుకెళ్లాడు. వంచిన తలను కంప్యూటర్‌లో పైకెత్తించగలరేమోనని పిచ్చి ఆశ. ఓనరు ఇశ్రాయేలు ఏదో ఫ్లెక్సీ కట్టడానికి ఇబ్రహీంపట్నం వెళ్లాడట. అతని భార్య బ్లెస్సీ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పేరు చెప్పగానే ఆమె తలెత్తింది.

"మాణిక్యమ్మగారి ఫోటో మా దగ్గరే ఉందండీ. నెల కిందట మా ఆయన తీశారు."

స్క్రీన్ మీద అమ్మ ప్రత్యక్షమైంది. పసుపు చీర, నున్నగా దువ్విన తల. కొంగు భుజం మీదే ఉంది. తిన్నగా ఇటే చూస్తూ నవ్వుతోంది, ఆ పక్క పన్నుతో సహా. ఆవిడ ఆటోలో ఒక్కతే వచ్చి తీయించుకుందనీ, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దందనీ, అంతకుమించి తనకు తెలియదనీ బ్లెస్సీ చెప్పింది.

లక్ష్మీకాంత్‌కు అంతా అర్థమైపోయింది. అమ్మకు ముందే తెలిసింది. పోయాక ఎవరూ ఇబ్బంది పడకుండా తన దండ ఫోటో తనే తీయించి పెట్టుకుంది. పెళ్లిళ్లకయినా ప్రయాణాలకయినా అన్నీ ముందే సర్దిపెట్టే మనిషి కదా.

ప్రింటు చూసి రామకోటేశ్వరరావు ఆ పన్ను మీద వేలు పెట్టాడు. "ఇదీ మాణిక్యం," అన్నాడు. ఎక్కడిదో తెలిశాక మాత్రం ఆయన మొహం వాడిపోయింది.

"పోతానని తెలిసి ఫోటో దిగింది. నాతో ఒక్క మాట అనలేదు చూడు. ఇన్నేళ్లు పక్కనే ఉండి, నన్నొదిలి పోవడానికి దొంగతనంగా తయారైంది."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట మజ్జిగ కూడా ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఇశ్రాయేలు చంకలో చుట్టిన ఫ్లెక్సీతో గుమ్మంలో నిలబడ్డాడు. మామ్మగారు పోయిన సంగతి నిన్నటిదాకా తనకు తెలియదన్నాడు. ఆవిడిచ్చిన ఆర్డరు తన దగ్గరే ఉండిపోయిందనీ, ఏం చేయాలో తోచక పట్టుకొచ్చాననీ నసిగాడు.

ముసలాయన ఇటు తిరిగాడు. "ఆ రోజు ఎలా ఉందయ్యా? భయపడిందా?"

"భయమెందుకండీ? నవ్వండి మామ్మగారూ అంటే ఎంతకీ నవ్వలేదు. సరే, మీ ఆయన ఎలాంటివారండీ అనడిగాను. అంతే, ఇక ఆపుకోలేకపోయారు. ఆ నవ్వే అది."

ఫ్లెక్సీని మంచం పక్కనే నేల మీద పరిచి, వచ్చే శుక్రవారం తెల్లారేసరికి ఈ గుమ్మం ఎదురుగా కట్టమన్నారని చెప్పాడు ఇశ్రాయేలు. రామకోటేశ్వరరావు లేచి కూర్చుని కళ్లజోడు పెట్టుకున్నాడు. పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"కీర్తనా, కంచం పెట్టమ్మా," అన్నాడు.

అందరూ ఒక్కసారిగా ఫ్లెక్సీ మీదకు వంగారు. పైన మనిషంత ఎత్తున ఉన్నది రామకోటేశ్వరరావే. కింద, శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ఫోటోలు వేసే మూల, అరచేతంత మాణిక్యమ్మ పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. మధ్యలో ఎర్రటి అక్షరాలు: "తొంభయ్యో పుట్టినరోజు శుభాకాంక్షలు. వేళకి అన్నం తిని నూరేళ్లూ ఉండండి. ఇట్లు, మీకు ఫ్లెక్సీ కట్టించిన మాణిక్యం."