కొంగమామ ఓడిన ఏడాది

ఏటా తొలకరి పడగానే ఆ మడుగులో కప్పలు తమకో పెద్దను ఎన్నుకునేవి. తలా ఓ గడ్డిపోచ తెచ్చి, నచ్చినవాడి ముందు వేసేవి. కుప్పెప్పుడూ కొంగమామ ముందే పెరిగేది, ఒక్క ఏడాది తప్ప. అదెందుకో తెలుసుకునేదాకా, కొత్తగా వచ్చిన తాబేలుకు తిండి సయించలేదు.

"గట్టుకు పడిన గండి పూడుస్తానని చెప్పి గెలిచేవాణ్ణిరా," అన్నాడు కొంగమామ.

"మరి ఓడిన ఏడాది ఏం తప్పు చేశావు మామా?"

"నిజంగానే పూడ్చేశాను. ఇక నీతో పనేముంది పొమ్మన్నాయి కప్పలు."

"అయ్యో! మరి మళ్లీ ఎలా గెలిచావు?"

కొంగమామ ముక్కును రెక్కకేసి తుడుచుకున్నాడు. తాబేలు గట్టు వైపు చూసింది. గండిలోంచి నీళ్లు జలజలా పోతున్నాయి. దాని అంచున తడిమట్టి నిండా కొంగ ముక్కు గాట్లే.